ఆవిరి పట్టని కటకం

పిత్తాశయాన్ని తొలగించే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌లో థియేటర్ అంతా ఊపిరి బిగబట్టే ఘట్టం ఒకటుంది. కాలేయం అడుగున పేరుకున్న కొవ్వును మెల్లగా ఒలిచి, పిత్తాశయపు నాళాన్నీ, దానికి రక్తం తెచ్చే సన్నని ధమనినీ విడివిడిగా తేల్చుకుని, రెండింటికీ క్లిప్పులు వేసి కత్తిరించాలి. అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే కాలేయం నుంచి పేగులోకి పైత్యరసాన్ని తీసుకెళ్ళే ప్రధాన నాళం ఉంటుంది. పొరపాటున దానికి కత్తెర తగిలితే, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోవాల్సిన మనిషి నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏది ఏ నాళమో తేల్చుకోవడానికి సర్జన్‌కు ఉన్న ఆధారం ఎదురుగా ఉన్న తెర. ఆ తెరకు బొమ్మ పంపేది బొడ్డు దగ్గరి చిన్న గాటులోంచి లోపలికి దించిన 5 లేదా 10 మిల్లీమీటర్ల మందం గొట్టం, అంటే స్కోప్. దాని కొసన ఉన్న గాజుకు ఆవిరి పట్టిందంటే తెర మొత్తం తెల్లగా అలుక్కుపోతుంది.

అప్పుడు పని ఆగిపోతుంది. స్కోప్ బయటికి తీస్తారు, గాజుగుడ్డతో తుడుస్తారు, వేడి సెలైన్‌లో ముంచుతారు, మళ్ళీ పెడతారు. ఈలోగా మిగతా పరికరాల మొనలు కడుపులోనే ఉంటాయి, వాటిని చూసే కన్ను మాత్రం ఉండదు. పైగా తుడవడానికి బయటికి తీసిన స్కోప్ చల్లటి థియేటర్ గాలికి మళ్ళీ చల్లబడుతుంది, లోపలికి వెళ్ళగానే మళ్ళీ ఆవిరి పడుతుంది. తుడిచిన పనే తర్వాతి మసకకు దారి వేస్తుంది. సుదీర్ఘమైన ఆపరేషన్లలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో, కెమెరా పట్టుకున్న జూనియర్ డాక్టర్ ఎన్ని చీవాట్లు తింటాడో ఆ గదిలో పనిచేసినవాళ్ళకు తెలుసు.

కారణం కొలిచి చెప్పగలిగినంత సూటిగా ఉంది. ఆపరేషన్‌కు చోటు కోసం కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో ఉబ్బిస్తారు. ఆ గుడారంలో ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, తేమ దాదాపు నూటికి నూరు శాతం. 37 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటు సుమారు 44 గ్రాముల నీటి ఆవిరిని భరించగలదు. థియేటర్‌లో ఏసీ కింద 20 డిగ్రీల దగ్గర ఉన్న స్కోప్‌ను లోపల పెట్టగానే, దాన్ని తాకిన వాయువు కూడా ఆ ఉష్ణోగ్రతకు దిగుతుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 17 గ్రాములకు మించి ఆవిరి నిలవదు. మిగిలిన 27 గ్రాముల లెక్క ఎక్కడో ఒకచోట నీరు కావాలి. అందుబాటులో ఉన్న చల్లని చోటు కటకమే. జూలైలో విజయవాడలో ఏసీ కారు దిగిన మనిషి కళ్ళజోడుకు జరిగేదీ ఇదే.

అయితే ఆ నీరు ఎంత అన్నదానికంటే ఏ ఆకారంలో కూర్చుందన్నదే చూపును నిర్ణయిస్తుంది. గాజు మీద ఆవిరి మైక్రాన్ల కొలతలో ఉండే లక్షల బిందువులుగా మారుతుంది. ప్రతి బిందువు వంపూ వెలుగును తనకు తోచిన దిక్కుకు విరుస్తుంది. అలా చెదిరిన వెలుగే మసక. అంతే నీరు బిందువులుగా చీలకుండా పలచటి చదునైన పొరగా పరుచుకుంటే వెలుగు దాదాపు నేరుగా దాటిపోతుంది, అక్కడ నీరుందన్న సంగతే తెలియదు. కాబట్టి ఆవిరి పట్టకుండా చేయడమంటే చాలా సందర్భాల్లో నీటిని ఆపడం కాదు, పరుచుకునేలా ఒప్పించడం. నీటిబొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శ కోణం అంటారు. ద్రవానికీ ఘనానికీ మధ్య బలాలతో ఆ కోణానికి ఉన్న సంబంధాన్ని 1805లో థామస్ యంగ్ వివరించాడు. ఆ కోణం నాలుగైదు డిగ్రీలకు పడిపోతే బొట్టు బొట్టుగా ఉండలేదు. నిజానికి అప్పుడే శుద్ధి చేసిన గాజుకు ఆ గుణం ఉంటుంది. కానీ గాలిలోని జిడ్డు కొన్ని గంటల్లోనే దాని మీద పేరుకుని ఆ గుణాన్ని పోగొడుతుంది.

ల్యాప్రోస్కోపీ చరిత్రలో ఈ చిక్కు చాలాకాలం పక్కన ఉండిపోయింది. 1901లో జర్మన్ వైద్యుడు గేయార్గ్ కెల్లింగ్ కుక్క కడుపులోకి గొట్టం పెట్టి చూశాడు. 1910లో స్వీడన్‌లో హాన్స్ క్రిస్టియన్ యాకోబయస్ మనుషుల్లో చూశాడు. 1959లో బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ గొట్టంలో చిన్న కటకాల బదులు పొడవాటి గాజు కడ్డీలను అమర్చడంతో బొమ్మ ఎన్నో రెట్లు వెలుతురుగా వచ్చింది. అయినా చాలా ఏళ్ళు అది ప్రధానంగా లోపలికి తొంగిచూసే సాధనమే. మన పల్లెల్లో డీపీఎల్ అని పిలుచుకునే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లను కూడా డాక్టరు గొట్టానికి కన్ను ఆనించి చేసేవారు, అవి నిమిషాల్లో ముగిసేవి. 1985లో జర్మనీలో ఎరిష్ మ్యూహె, 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే పిత్తాశయాన్ని ఈ దారిన తీయడం, 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో తెహెంతన్ ఉద్వాడియా మన దేశంలో దాన్ని మొదలుపెట్టడం, కెమెరా, తెర రావడం, ఇవన్నీ కలిసి పరిస్థితిని మార్చేశాయి. గంటల తరబడి చేసే కోతలూ కుట్లూ అన్నీ కటకం చూపు మీదే ఆధారపడ్డాయి. అది మసకబారితే సర్జన్‌తో పాటు అసిస్టెంటూ, నర్సూ అందరూ ఒక్కసారే చూపు కోల్పోతారు.

ఇప్పుడు థియేటర్లలో నడుస్తున్న చిట్కాలు అనుభవం నుంచి వచ్చినవే, పనిచేసేవే. స్కోప్‌ను ముందే ఫ్లాస్కులోని వేడి సెలైన్‌లో ఉంచితే కటకం శరీరపు వేడికి దగ్గరవుతుంది, ఆవిరి పట్టే అవసరమే తగ్గుతుంది. చల్లగా, పొడిగా వచ్చే గ్యాస్ గొట్టాన్ని కెమెరా దూర్చిన గాటులోని పోర్ట్ నుంచి తీసి ఇంకో పోర్ట్‌కు మార్చితే కటకం చల్లబడదు. బెటాడిన్ ద్రావణంతో తుడుస్తారు. సబ్బు గుణమున్న పదార్థాన్ని నీటిలోనూ ఆల్కహాల్‌లోనూ కలిపి అమ్మే యాంటీ ఫాగ్ ద్రవాన్ని పూస్తారు. కొందరు సర్జన్లు స్కోప్ బయటికి తీయకుండా లోపలి అవయవం నునుపైన ఉపరితలానికే కటకాన్ని తాకించి మెరుగుపెడతారు.

ఈ చిట్కాల్లో ప్రతిదానికీ గడువు ఉంది. వేడి కొద్దిసేపే నిలుస్తుంది. పూసిన ద్రవం నీటితో పాటే కొట్టుకుపోతుంది, మళ్ళీ పూయాలి. ఫ్లాస్కులోని నీరు నూటికి నూరుపాళ్ళు సూక్ష్మజీవి రహితంగా ఉండాలి, ఈ మాట మన దేశంలో మరీ గట్టిగా చెప్పాలి. ల్యాప్రోస్కోపీ గాటు మానినట్టే మాని, కొన్ని వారాల తర్వాత గడ్డలు లేచి చీము కారే ఇన్ఫెక్షన్లు ఇక్కడి వైద్యులకు కొత్త కాదు. క్షయ బ్యాక్టీరియాకు దూరపు బంధువులైన కొన్ని మైకోబ్యాక్టీరియా వాటికి కారణం. అవి నీటిలో బతుకుతాయి. పరికరాలను మందు ద్రావణంలో నానబెట్టి, ఆ తర్వాత సరిగా శుద్ధికాని నీటితో కడిగితే వాటికి దారి దొరుకుతుంది. కటకాన్ని పదేపదే ఏదో ఒక ద్రవంలో ముంచాల్సి రావడమే ఒక ప్రమాదం అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

పూసే ద్రవం ఏదన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. దీనికి అన్నిటికంటే స్పష్టమైన పాఠం ఆపరేషన్ థియేటర్‌లో దొరకలేదు, అంతరిక్షంలో దొరికింది. 1966 జూన్‌లో జెమినీ 9 వ్యోమనౌక నుంచి బయటికి వచ్చిన యూజిన్ సెర్నన్ శ్రమకు చెమటలు కక్కాడు, హెల్మెట్ లోపలి గాజు పూర్తిగా మసకబారింది. చేత్తో తుడుచుకునే వీలు లేదు కనుక ముక్కుతో రుద్ది చిన్న సందు చేసుకుని చూశాడు. ఆ తర్వాతి యాత్రల్లో అంతరిక్ష నడకకు ముందు గాజు లోపల ఆవిరి పట్టకుండా ద్రవం పూయడం అలవాటు చేశారు. 2001 ఏప్రిల్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కెనడా తయారుచేసిన రోబో చేతిని బిగిస్తున్న క్రిస్ హాడ్‌ఫీల్డ్‌కు అలాంటి ద్రవమే కంట్లో పడింది. కన్ను మండి నీరు కారింది. భారం లేని చోట కన్నీరు జారిపోదు. కంటి మీదే గుండులా పెరిగి, ముక్కు దూలం దాటి రెండో కంటికీ పాకింది. కొంతసేపు ఆయనకు రెండు కళ్ళూ కనిపించలేదు. చూపు మసకబారకుండా పూసిన పూతే చూపును తీసేసింది.

ఇది దురదృష్టం మాత్రమే అనుకోవడానికి లేదు. నీటిని పరిచే సబ్బు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, ఇంకో కొస నూనెను కోరుతుంది. మన కణాల చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వు అణువులతో అల్లిందే. గాజు మీద జిడ్డును విడదీసే గుణమే కణపు పొరనూ విడదీయగలదు. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని కటకం తుడవడానికి వాడేవాళ్ళున్నారు, నోరు పుక్కిలించే మందుగా అది మనకు తెలిసిందే. కానీ అది కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరకూ, లోపలి చెవికీ హాని చేస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. కడుపులో చేసే ఆపరేషన్‌లో చెల్లిపోయిన ద్రవం చెవిలో చేసే ఎండోస్కోపీలో చెల్లదు. అందుకే నేను ఆవిరి పట్టని పూతల పరిశోధనలో అన్నిటికంటే బరువైన మాట జీవానుకూలత అంటాను. గాజును తేటగా ఉంచే పదార్థాలు బోలెడున్నాయి. గాజు నుంచి ఊడి రోగి ఒంట్లో మిగిలిపోయినా హాని చేయనివి ఎన్ని అన్నదే లెక్క.

ఈ కొలతతో చూస్తే పేరున్న ఉపాయాలు కొన్ని పక్కకు తప్పుకుంటాయి. టైటానియం డయాక్సైడ్ పూత మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీరు బొట్టు కట్టకుండా పూర్తిగా పరుచుకుంటుందని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. భవనాల అద్దాలకూ, కార్ల అద్దాలకూ అది వరమైంది. కానీ కడుపులో ఎండ ఉండదు, స్కోప్‌లోంచి వచ్చే దీపపు వెలుగులో అతినీలలోహిత కిరణాలు కణజాలానికి మంచివి కావు కనుక వాటిని రానివ్వరు. జ్యూరిచ్‌లోని ఇటిహెచ్ విశ్వవిద్యాలయం వారు టైటానియం డయాక్సైడ్ పొరల నడుమ అతి పలచని బంగారం పెట్టి, ఎండలోని పరారుణ కిరణాలతో అద్దం తనంతట తానే ఎనిమిది డిగ్రీల మేర వేడెక్కేలా చేశారు. చక్కటి పనే, కానీ దానికీ ఎండ కావాలి.

నీటిని అసలు అంటనివ్వకపోతే పోలేదా అని ఎవరికైనా తోస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వాన చినుకు విషయంలో అది అక్షరాలా నిజం. ఆవిరి విషయంలో కాదు. చినుకు పైనుంచి పడి తామరాకు మీది సూక్ష్మమైన గుబ్బల కొనల మీద నిలబడి దొర్లిపోతుంది. ఆవిరి ఆ గుబ్బల మధ్య సందుల్లోనే పుట్టి నీరవుతుంది కనుక అక్కడే అతుక్కుంటుంది. తామరాకు తన గుణాన్ని ఆవిరి ముందు కోల్పోతుందని ప్రయోగాలు చూపాయి. దోమ కంటి ఉపరితలం మాత్రం ఆ సందులు మరీ చిన్నవి కావడంతో మసకబారదని 2007లో చైనా పరిశోధకులు ప్రచురించారు. అంత సన్నని నిర్మాణాన్ని గట్టిగా తుడవాల్సిన, మందుల్లో నానబెట్టాల్సిన స్కోప్ మీద నిలబెట్టడం వేరే కథ.

కాబట్టి నీటితో స్నేహం చేసే దారే మిగిలింది. 2005లో ఎంఐటీలో మైఖేల్ రూబ్నర్, రాబర్ట్ కోహెన్‌ల బృందం సిలికా నానో కణాలనూ ఒక పాలిమర్‌నూ పొర మీద పొరగా పేర్చి పూత తయారుచేసింది. ఒకటి రుణావేశం, ఒకటి ధనావేశం, అందుకే జిగురు లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కణాల మధ్య సూక్ష్మరంధ్రాలు నీటిని లోపలికి పీల్చి పక్కలకు పరిచేస్తాయి. అదే పూత అద్దం మీది ప్రతిబింబపు మెరుపునూ తగ్గిస్తుంది, కెమెరాకు అది అదనపు లాభం.

ఇంకో రకం పూతలు నీటిని పొట్టలో దాచుకునే పాలిమర్లు. వీటిలో నాకు నచ్చినది హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్. పేరు పొడవే గానీ అది చెట్ల నారలోని సెల్యులోజ్‌ను కొద్దిగా మార్చి చేసిన పదార్థం. కళ్ళు పొడిబారినవాళ్ళు వేసుకునే కృత్రిమ కన్నీటి చుక్కల్లో ఉండేది అదే. కంటిశుక్లం ఆపరేషన్‌లో కంటి ముందుగదిని కాపాడటానికి నింపే జిగట ద్రవంగా మన దేశంలో విస్తారంగా వాడేదీ అదే. రెటీనా ఆపరేషన్లలో కంట్లోకి గాలి నింపినప్పుడు అమర్చిన సిలికోన్ కటకం వెనక ఆవిరి పట్టి సర్జన్‌కు చూపు అందకపోతే, ఇలాంటి జిగట ద్రవాన్నే అక్కడ పూసి చూపు తెచ్చుకుంటారు. కంట్లో పెట్టినా భరించదగ్గదని ఎంతోకాలంగా రుజువైన పదార్థంతో మొదలుపెట్టడం తెలివైన పని. ల్యాప్రోస్కోప్ కటకాల మీద దీన్ని వాడే ప్రయత్నాలూ జరిగాయి. దాని లోపం దాని సుగుణంలోనే ఉంది. నీటిలో కరుగుతుంది కనుక మెల్లగా తరిగిపోతుంది. ప్రతి ఆపరేషన్‌కూ కొత్తగా పూయాల్సిన పూతగానే దాన్ని లెక్కించాలి.

ఇంతవరకూ నీటి ఆవిరి గురించే మాట్లాడుకున్నాం. కడుపులో కటకాన్ని పాడుచేసేది అదొక్కటే అయితే ఈ సమస్య ఎప్పుడో తీరేది. రక్తం చిమ్ముతుంది, కొవ్వు అంటుతుంది, విద్యుత్ పరికరంతో కణజాలాన్ని కాల్చినప్పుడు పొగ లేస్తుంది. రక్తం తాకిన క్షణాల్లోనే అందులోని ప్రోటీన్లు గాజును పట్టుకుంటాయి. ప్రోటీన్ పొర పట్టాక ఉపరితలం నీటితో ప్రవర్తించే తీరే మారిపోతుందని రక్త శాస్త్రవేత్త లియో వ్రోమన్ 1962లోనే రాశాడు. నీటిని పరిచేలా ఎంతో శ్రమపడి తయారుచేసిన పూత, రక్తం తగిలిన మరుక్షణం మామూలు గాజు అయిపోవచ్చన్నమాట. ప్రయోగశాలలో ఆవిరి గిన్నె మీద గెలిచిన పూతలు ఆపరేషన్ బల్ల దగ్గర ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడే ద్వంద్వావేశ పాలిమర్లు ఆశ కలిగిస్తున్నాయి. మన కణపు పొర బయటి వైపున ఫాస్ఫోరిల్ కోలిన్ అనే గుంపులు ఉంటాయి. ఒక్కో గుంపులో ధనావేశమూ రుణావేశమూ రెండూ పక్కపక్కనే ఉండి, మొత్తానికి ఏ ఆవేశమూ లేనట్టు ఉంటాయి. అవి చుట్టూ నీటి అణువులను ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, ఆ నీటిని తోసుకుని ప్రోటీన్ వచ్చి అతుక్కోవడం కష్టం. జపాన్‌లో కజుహికో ఇషిహరా, సహచరులు ఈ గుంపులనే కృత్రిమ పాలిమర్‌లో అమర్చి దశాబ్దాలుగా పనిచేశారు. కాంటాక్ట్ లెన్సుల్లో, కృత్రిమ తుంటి కీళ్ళలో అది ఇప్పటికే వాడుకలో ఉంది. నీటిని పరచడం, ప్రోటీన్‌ను రానివ్వకపోవడం, ఒంటికి పరాయిగా తోచకపోవడం, మూడూ ఒకే గుణం నుంచి వస్తున్నాయి. నాకు ఈ దారి మీద ఎక్కువ నమ్మకం. గాజు మీద ఈ పాలిమర్ ఊడకుండా రసాయన బంధంతో నాటుకోవాలి, అదే అసలు శ్రమ.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచినవాళ్ళూ ఉన్నారు. మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ అనే కూజా మొక్క అంచు ఎప్పుడూ తడిగా ఉంటుంది, వాలిన పురుగు పట్టుదొరక్క లోపలికి జారిపోతుంది. ఆ మొక్కల జాతిని చూసి హార్వర్డ్‌లో జొవాన్నా ఐజెన్‌బర్గ్ బృందం 2011లో సూక్ష్మరంధ్రాల పొరలో నూనె నింపిన జారుడు పూతను రూపొందించింది. 2016లో అదే బృందం పారదర్శకమైన అలాంటి పూతను ఎండోస్కోప్ కటకానికి వేసి, రక్తంలో, శ్లేష్మంలో ముంచి, పంది ఊపిరితిత్తుల్లోకి పంపి చూసింది. రక్తం నిలవకుండా జారిపోయింది. రక్తం, శ్లేష్మం విషయంలో ఇది మంచి జవాబు. ఆవిరి విషయంలో అంత కాదు, ఎందుకంటే జారిపోయేంత బరువు వచ్చేదాకా చిన్న బిందువులు కటకం మీదే ఉంటాయి. నింపిన నూనె కొద్దికొద్దిగా రోగి ఒంట్లోకి పోతుంది కూడా. సిలికోన్ నూనెను రెటీనా ఆపరేషన్లలో కంట్లోనే నింపుతారు కనుక భయపడాల్సినంత లేదని కొందరి వాదన. కంట్లో చెల్లింది కదా అని కడుపులో, ఊపిరితిత్తుల్లో చెల్లుతుందని అనుకోవడం తగదు. దేనికది విడిగా పరీక్షించాల్సిందే.

ఆ పరీక్షలకు ఐఎస్‌ఓ 10993 అనే అంతర్జాతీయ ప్రమాణాల వరుస ఉంది. పూత నుంచి ఊరిన పదార్థాలను ద్రవంలోకి లాగి, ఆ ద్రవంలో జీవకణాలు బతుకుతాయా అని చూస్తారు. చర్మానికి, కణజాలానికి మంట పుట్టిస్తుందా, అలర్జీ తెస్తుందా అని చూస్తారు. స్కోప్ ఒంట్లో ఉండేది 24 గంటల లోపే కనుక అది తక్కువ సంపర్కం ఉన్న పరికరాల తరగతిలోకి వస్తుంది. నాకు ఇక్కడ ఒక అసంతృప్తి ఉంది. స్కోప్ బయటికి వచ్చేస్తుంది, నిజమే. దాని నుంచి ఊడిన పూత రేణువు రాదు. నానో కణాలతో చేసిన పూతల విషయంలో స్కోప్ ఉన్న సమయం కంటే రేణువు మిగిలే సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మన దగ్గరికి వస్తే, 2017 వైద్య పరికరాల నియమావళి వచ్చాక ఇలాంటి ఉత్పత్తులు కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ పరిధిలోకి వచ్చాయి. వైద్య పరికరాల తయారీకే ప్రత్యేకించిన మెడ్‌టెక్ జోన్ విశాఖపట్నంలో ఉంది. అక్కడ ఎవరైనా ఈ పూత మీద పని మొదలుపెడితే మొదట కొలవాల్సిన సంగతి పాశ్చాత్య పరిశోధన పత్రాల్లో పెద్దగా కనిపించదు. ధనిక దేశాల్లో ఒక్కసారి వాడి పారేసే తొడుగుగానో, ఆపరేషన్‌కొకటి చొప్పున వాడే పూతగానో ఇవి అమ్ముడవుతాయి. మన జిల్లా ఆసుపత్రిలో ఒకటో రెండో స్కోపులు ఉంటాయి. ఒక ఆపరేషన్ అవగానే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెట్టి, స్టెరైల్ నీటితో కడిగి, తర్వాతి రోగికి వాడతారు. గ్లూటరాల్డిహైడ్ ప్రోటీన్లను గట్టిపరచి అతికించే రసాయనం. కటకం మీద మిగిలిపోయిన రక్తపు మరకను అది అక్కడే స్థిరపరుస్తుంది, అమైన్ గుంపులున్న పూత అయితే దాని అణువులతోనే చర్య జరుపుతుంది. ఎంఐటీ పూతలోని పాలిమర్ సరిగ్గా ఆ రకానిదే. ద్వంద్వావేశ పాలిమర్‌లో అలాంటి అమైన్ గుంపులు లేవు. అందువల్ల ఈ ద్రావణంలో వందసార్లు మునిగి లేచాక స్పర్శ కోణం ఎంత మిగిలిందన్న అంకె, మొదటి రోజున కటకం ఎంత తేటగా ఉందన్న ఫొటోకంటే మన సర్జన్లకు ఎక్కువ పనికొస్తుంది.